సమురాయ్ కత్తిపోరును యానిమేట్ చేయాలంటే పాదాలతో మొదలుపెట్టండి

సమురాయ్ యాక్షన్ సినిమా అనగానే చాలామంది ముందుగా గీసేది గాలిలో మెరిసే కత్తినే. నా దగ్గర యానిమేషన్ నేర్చుకునేవాళ్లతో ఆ బొమ్మ పక్కన పెట్టించి, నడుము కింద భాగం మాత్రమే గీయిస్తాను. రెండు కాళ్లు, మడమలు, నేల. అక్కడ బరువు కుదరకపోతే పైన కత్తి ఎంత అందంగా తిరిగినా దెబ్బ తగిలినట్టు ఉండదు.

అంతకంటే ముందు కథ ఏ కాలానిదో తేల్చుకోండి. జపాన్‌లో సమురాయ్‌ల పాలన 12వ శతాబ్దం చివరి నుంచి 1868 దాకా సాగింది. 13వ శతాబ్దపు గుర్రపు యోధుడికి నడుము నుంచి తాచి అనే పొడవాటి వంపు కత్తి వేలాడుతుంది, పదును నేలవైపు ఉంటుంది. 1603 తర్వాత ఎడో కాలం సమురాయ్ కటానా అనే కత్తిని నడుము పట్టీలో దోపుకుంటాడు, పదును పైకి ఉంటుంది. ఇది కాస్ట్యూమ్ వాళ్లకు వదిలేసే విషయం కాదు. పదును పైకి ఉంటే ఒర నుంచి దూయడం, నరకడం ఒకే కదలికలో అయిపోతాయి. కాబట్టి మీ కీ పోజులే, అంటే కదలికలోని ముఖ్యమైన భంగిమలే, మారిపోతాయి. పోర్చుగీసువాళ్లు 1543లో తనెగషిమా దీవికి తుపాకులు తెచ్చారు. కథ 1575 నాటి యుద్ధభూమిలో జరుగుతుంటే వెనకాల సైనికుల చేతుల్లో అవి కనిపించాలి.

ఇక నిలబడే తీరు. కుడి పాదం ముందు, ఎడమ పాదం వెనక, ఎడమ మడమ కొంచెం లేచి ఉంటుంది. కుడి చెయ్యి పిడి పైభాగంలో, ఎడమ చెయ్యి పిడి చివర, మధ్యలో ఖాళీ. కవచం వేసుకున్నవాడైతే నడుము ఇంకా కిందికి దించండి. కవచాన్ని కత్తితో చీల్చేయడం నమ్మేలా ఉండదు. చంక, మణికట్టు లోపలివైపు, మెడ లాంటి సందుల మీదే దెబ్బ పడాలి.

నరికేటప్పుడు ముందు తుంటి కదలాలి. తర్వాత భుజం, తర్వాత చేతులు, అన్నిటికన్నా ఆఖర్న కత్తి మొన. ఒక్కోదానికి ఒకటి రెండు ఫ్రేములు ఆలస్యం ఇస్తే చాలు. సెకనుకు 24 ఫ్రేముల లెక్కలో నేను వాడే టైమింగ్ ఇది: దెబ్బకు ముందు 16 ఫ్రేములు దాదాపు కదలకుండా, భుజాల్లో ఊపిరి మాత్రమే. తర్వాత వెనక్కి లాగడానికి 4. అసలు దెబ్బకు 3 బొమ్మలే, ఒక్కో ఫ్రేముకు ఒకటి, మధ్యది స్మియర్, అంటే వేగం కనిపించేలా సాగదీసిన బొమ్మ. దెబ్బ అయ్యాక 10 ఫ్రేములు ఆపండి. ఆ ఆగిన సమయంలోనే హకామా (వదులుగా ఉండే కుచ్చుల పంట్లాం) అంచు, చేతుల గుడ్డ ఇంకా ముందుకు వెళ్లి నెమ్మదిగా వాలతాయి. దెబ్బ ఎంత వేగంగా పడిందో ప్రేక్షకుడికి ఆ గుడ్డే చెబుతుంది. దెబ్బ దగ్గర బొమ్మలు పెంచుకుంటూ పోతే కత్తి నీళ్లలో కదిలినట్టు ఉంటుంది. ఇక్కడ కోరిక అణచుకోవాలి.

తర్వాత కత్తి లేయర్ ఆపేసి ప్లే చేయండి. ఒంటి కదలికలోనే నరికినట్టు తెలిస్తే కత్తి పెట్టండి. తెలియకపోతే మళ్లీ తుంటి దగ్గరకే వెళ్లండి.

కత్తి పెట్టాక పదును ఎటు చూస్తోందో ప్రతి ఫ్రేములోనూ చూసుకోండి. కత్తి వెళ్లే దారిలోనే పదును ఉండాలి. మణికట్టు కొంచెం తిరిగినా అది కోత కాదు, ఉత్త బాదుడే. రెండు కత్తులు అడ్డంగా తగిలి అక్కడే ఆగిపోయే పోజు నాకు నచ్చదు. వచ్చిన దెబ్బను కత్తి పక్కభాగంతో జార్చేసి, అదే ఊపులో ఎదురు దెబ్బ వేయించండి. పోరు ఆగకుండా సాగుతుంది.

ఇంటి లోపలి పోరు అయితే బ్యాక్‌గ్రౌండ్ ఆర్టిస్టుతో ముందే మాట్లాడండి. జారుడు తలుపుల పైన అడ్డపట్టీ ఆరడుగుల లోపే ఉంటుంది. కత్తి నెత్తి మీదికి ఎత్తితే దానికి తగులుతుంది. అందుకే గదిలో పొడవడం, అడ్డంగా కోయడం ఎక్కువ పెట్టండి. ఈ ఇబ్బంది నుంచి మంచి షాట్లు చాలా పుడతాయి.

ఆఖర్న కత్తిని ఒరలో పెట్టడం. ఎడమ చెయ్యి ఒర మూతిని పట్టుకుంటుంది, కత్తి వెన్ను ఆ చేతి మీదుగా జారుతుంది, మొన లోపలికి దొరకగానే నెమ్మదిగా నెట్టాలి. తల కిందికి వంచకండి, చూపు ప్రత్యర్థి మీదే ఉండాలి. ఈ షాట్‌కు కనీసం 2 సెకన్లు ఇవ్వండి. ఎడిటింగ్‌లో తగ్గించమని అడుగుతారు, ఒప్పుకోకండి.