మేడారం జాతర నిర్వాహకులతో ఏళ్ల తరబడి పరిశోధన చేయాలంటే

సమ్మక్క సారలమ్మ జాతర రెండేళ్లకోసారి వస్తుంది. 2024లో ఫిబ్రవరి 21 నుంచి 24 వరకు, 2026లో జనవరి 28 నుంచి 31 వరకు జరిగింది. నిర్వహణలో ఏం మారిందో చెప్పాలంటే కనీసం మూడు జాతరలు చూడాలి, అంటే నాలుగేళ్లకు పైమాటే. మూడేళ్ల ఫెలోషిప్‌లో ఇది పూర్తికాదు. మొదట్లోనే లెక్క చూసుకోండి.

నిర్వాహకులంటే ఒక్కరు కాదు. దేవతల్ని తీసుకొచ్చే మేడారం, కన్నెపల్లి, కొండాయి, పూనుగొండ్ల ఊళ్ల పూజారులు ఒకవైపు. దేవాదాయ శాఖ, కలెక్టరేట్, ఏటూరునాగారం ఐటీడీఏ (గిరిజనాభివృద్ధి సంస్థ), పోలీసులు, ఆర్టీసీ మరోవైపు. అధికారులు బదిలీ అవుతుంటారు కాబట్టి ఫైలు మనిషి పేరు మీద కాకుండా పదవి పేరు మీద తెరవండి. పూజారులది వంశపారంపర్యం. నమ్మకం కుదిరినా, చెడినా అది తరాల దాకా ఉంటుంది.

జాతర నాలుగు రోజులూ చూడటానికే, ఇంటర్వ్యూలకు కాదు. అప్పుడు ఎవరికీ ఊపిరి సలపదు. మాట్లాడటానికి అనువైన కాలం జాతరకు నాలుగైదు నెలల ముందు, పనులు మొదలయ్యేటప్పుడు. మళ్లీ హనుమకొండలో హుండీల లెక్కింపు ముగిశాక. మధ్య ఏడాది మినీ జాతరకు తప్పక వెళ్లండి, పెద్దలు తీరిగ్గా కూర్చుని మాట్లాడేది అప్పుడే.

"నిర్ణయాలు ఎవరు తీసుకుంటారు?" అని అడిగితే "అందరం కలిసే" అంటారు. దాంతో ఏమీ తేలదు. "భక్తులు స్నానాలు చేసే జంపన్నవాగు దగ్గర షవర్లు ఫలానా చోటే పెట్టాలని ఆఖరుమాట చెప్పిందెవరు?" అని అడగండి. దేవతలు కొలువుదీరే గద్దెల చుట్టూ దారులు కాగితం మీద గీసి, పెన్ను వాళ్ల చేతికివ్వండి. ఈసారి క్యూ ఎటు మళ్లించారో వాళ్లే గీస్తారు. అదే ప్రశ్న పూజారినీ ఇంజనీరునూ అడిగితే జవాబులు కలవవు. వాటిని సర్దకండి, రెండూ తేదీ వేసి అలాగే రాసుకోండి. అసలు సరుకు ఆ తేడాలోనే ఉంది.

అనుమతి ఒకసారి సంతకంతో అయిపోదు, ప్రతి జాతరకూ మళ్లీ అడగాలి. సమ్మక్కను తీసుకొచ్చే చిలకలగుట్ట మీద జరిగే పూజ బయటివాళ్లు చూసేది కాదు. దాన్ని రికార్డు చేయాలని, గుచ్చి గుచ్చి అడగాలని చూస్తే ఒక్క ఇంటి తలుపే కాదు, నాలుగు ఊళ్లూ మూసుకుపోతాయి.

పెద్దలు కొందరు తమలో తాము కోయ భాషలో మాట్లాడుకోవచ్చు. ఆ భాష వచ్చిన స్థానిక యువకుణ్ణో యువతినో రోజుకూలీ ఇచ్చి వెంట తీసుకెళ్లండి. తర్వాతి రాకలో ఫొటోల ప్రింట్లు, నాలుగైదు పేజీల తెలుగు సారాంశం పట్టుకెళ్లి చదివి వినిపించండి. "ఇది తప్పు" అన్నచోట పాత వాక్యం కొట్టేయకుండా పక్కనే ఆ మాట రాసుకోండి.