అలర్జీ చర్మ పరీక్ష: ఎలా సిద్ధం కావాలి, ఎలా చేస్తారు?

ముందుగా ఒక కాగితం తీసుకోండి. తుమ్ములు, దద్దుర్లు, ఆయాసం ఎప్పుడు వస్తున్నాయో, ఏం తిన్నాక లేదా దేన్ని తాకాక వస్తున్నాయో రాయండి. ఏయే పదార్థాలతో పరీక్షించాలో డాక్టరు నిర్ణయించేది దీన్ని బట్టే.

తరువాత మందుల సంగతి. సెట్రిజిన్ వంటి యాంటీహిస్టమిన్ మాత్రలు చర్మం స్పందనను అణచివేస్తాయి కాబట్టి సాధారణంగా 3 నుంచి 7 రోజుల ముందే ఆపమంటారు. కొన్ని జలుబు మందులకూ, డిప్రెషన్ మాత్రలకూ ఈ గుణం ఉంది. వాడుతున్నవన్నీ డాక్టరుకు చూపించండి, సొంతంగా ఏదీ మానకండి. ఉబ్బసం అదుపులో లేకపోతే పరీక్షను వాయిదా వేయించుకోవడమే మంచిది.

పరీక్ష రోజున ముంజేతి లోపలివైపు, చిన్నపిల్లలకైతే తరచుగా వీపు మీద, పెన్నుతో గుర్తులు పెడతారు. గుర్తుకు గుర్తుకు మధ్య కనీసం 2 సెంటీమీటర్ల ఎడం ఉండాలి. ఒక్కో గుర్తు దగ్గర పుప్పొడి, దుమ్ము పురుగు, పెంపుడు జంతువు వంటి ఒక్కో సారం చుక్క వేసి, సన్నని మొనతో చర్మం పైపొరను గుచ్చుతారు. సాధారణంగా రక్తం రాదు. వీటితో పాటు పోల్చి చూడడానికి రెండు చుక్కలు అదనంగా ఉంటాయి: మామూలుగా ఎవరికైనా దద్దు లేపే హిస్టమిన్, లేపని ఉప్పునీరు. హిస్టమిన్ దగ్గర దద్దు లేవకపోతే మందుల ప్రభావం ఇంకా పోలేదేమోనని అనుమానించాలి. ఉప్పునీటి దగ్గరా లేస్తే, గీరితేనే ఉబ్బే చర్మం కావచ్చు. ఈ రెండూ సరిగా లేని పరీక్షను నమ్మకూడదు.

15 నుంచి 20 నిమిషాలు ఆగాలి. దురద పెట్టినా గోకకండి. సారం దగ్గర లేచిన దద్దు ఉప్పునీటి దగ్గరి దానికంటే కనీసం 3 మిల్లీమీటర్లు పెద్దదైతే పాజిటివ్ అంటారు. తీవ్రమైన ప్రతిచర్య అరుదే అయినా ప్రాణాంతకం కావచ్చు. అందుకే అలాంటి ప్రతిచర్యకు విరుగుడుగా ఇచ్చే అడ్రినలిన్ ఇంజెక్షన్ సిద్ధంగా ఉన్నచోటనే చేయించుకోవాలి, ఇంట్లో ఎన్నడూ ప్రయత్నించకూడదు.

ఎక్కువమంది పొరబడేది ఫలితం దగ్గరే. దద్దు లేచిందంటే ఆ పదార్థాన్ని గుర్తుపట్టే ఐజీఈ ప్రతిరక్షకాలు (అలర్జీలో పాత్ర ఉన్న యాంటీబాడీలు) శరీరంలో ఉన్నాయని అర్థం, అంతవరకే. దద్దు పెద్దదైతే అలర్జీ ఉండే అవకాశం పెరుగుతుంది కానీ, అది ఎంత తీవ్రంగా వస్తుందో పరిమాణాన్ని బట్టి చెప్పలేం. ఏళ్లుగా గుడ్డు హాయిగా తింటున్న పిల్లవాడికి, పాజిటివ్ వచ్చిందన్న ఒక్క కారణంతో గుడ్డు మాన్పించకండి. మొదట రాసుకున్న కాగితాన్ని ఫలితం పక్కన పెట్టి డాక్టరుతో మాట్లాడండి. రెండూ కలవకపోతే రక్త పరీక్షో, ఆసుపత్రిలో వైద్యుల కళ్లముందు ఆ ఆహారాన్ని కొద్దికొద్దిగా తినిపించి చూడడమో అవసరం కావచ్చు.

నగలు, జుట్టు రంగు వంటివి తాకిన చోట రోజుల తరబడి ఉండే ఎగ్జిమాకు ఈ పరీక్ష పనికిరాదు. దానికి వీపు మీద 48 గంటలు పట్టీలు అతికించి ఉంచే ప్యాచ్ పరీక్ష వేరే ఉంది.