మూరింగ్‌కి పడవ కట్టి ఇంటికి వెళ్లే ముందు

మా బావగారి యాట్, అంటే తెరచాప పడవ, చెన్నై హార్బర్ లోపల నీళ్లలోనే కట్టేసి ఉంచే మూరింగ్ మీద ఉంటుంది. ఆయన ఉద్యోగం సింగపూర్‌లో, కాపలా నాది. కొత్తగా పడవ కొన్నవాళ్లు ముందు అడిగేది ఎంత గట్టి తాడు కొనాలని. నా లెక్కలో అది రెండో ప్రశ్న. మూరింగ్ తాడు లాగుడుకి తెగడం తక్కువ, ఒకేచోట రుద్దుకుని రుద్దుకుని తెగడమే ఎక్కువ. ఆ రుద్దుకునే చోటు పట్టుకోవాలి.

మూరింగ్ అంటే అడుగున బరువైన దిమ్మ, దానికి గొలుసు, మధ్యలో గొలుసు మెలి పడకుండా తిరిగే స్వివెల్, పైన తేలే బోయ్. గాలి మారితే పడవ దాని చుట్టూ తిరుగుతుంది. దిమ్మ ఎన్ని టన్నులో చెబితే సరిపోదు, దేనితో చేశారో కూడా అడగండి. టన్ను కాంక్రీటు దిమ్మ సముద్రపు నీళ్లలో దాదాపు 570 కిలోలే తూగుతుంది. అదే ఇనుమైతే 870 దాకా ఉంటుంది.

బోయ్ దగ్గరికి గాలికి ఎదురుగా రండి. చుట్టుపక్కల కట్టిన పడవలు ఎటు ముక్కు పెట్టి ఉన్నాయో చూసుకుని మీరూ అటే తిరగండి. చెన్నైలో ఆటుపోట్ల తేడా సుమారు ఒక మీటరే కాబట్టి హార్బర్‌లో పెత్తనం గాలిదే. ఇంజిన్ చప్పుడులో అరుపులు వినపడవు, ముందు నిలబడ్డ మనిషి బోయ్ ఎటుందో చేత్తో చూపిస్తూ ఉండాలి. అది అందే సమయానికి పడవ ఆగిపోవాలి. అందలేదా, వదిలేసి ఇంకో చుట్టు తిరిగి రండి. వేలాడి ఆపాలని చూస్తే మీరే నీళ్లలో పడతారు. గ్లవ్స్ మరిచిపోవద్దు, తాడుకి పట్టిన గుల్లలు బ్లేడులా కోస్తాయి.

మధ్యాహ్నం భోంచేసి వెళ్లిపోయేట్టయితే ఒక తాడు బోయ్ రింగులోంచి తిప్పి మళ్లీ పడవకే కట్టుకోవచ్చు, విప్పడం సులువు. రాత్రికి మాత్రం అలా వదలొద్దు. పడవ ఊగినప్పుడల్లా తాడు ఆ రింగులో ముందుకీ వెనక్కీ జారుతుంది, తెల్లారేసరికి సగం అరిగిపోవచ్చు. థింబుల్ (తాడు ఉచ్చు అరగకుండా లోపల వేసే గాడి) వేసిన రెండు తాళ్లు షాకిల్‌తో (పిన్‌తో మూసే U ఆకారపు కొక్కెం) బోయ్ రింగుకి బిగించి, పడవ మీది వేర్వేరు క్లీట్లకు (తాడు చుట్టే కొమ్ములు) కట్టండి. రెండోది కాస్త వదులుగా ఉంటే మొదటిది పోయినా అది కాస్తుంది. షాకిల్ పిన్ బిగించాక దాని కన్నంలోంచి ఉప్పునీళ్లకి తుప్పు పట్టని మోనెల్ తీగ తిప్పి మెలేయండి. లేకపోతే రోజంతా ఊగే ఊపుకి పిన్ తనంతట తానే ఊడి వస్తుంది.

ఇక అసలు చోటు, పడవ ముందు అంచు మీద తాడు వంగే ఆ జానెడు. చాలామంది ప్లాస్టిక్ గొట్టం తొడుగుతారు. నైలాన్ తాడు సాగి ముడుచుకునేటప్పుడు లోపల వేడెక్కుతుంది, గొట్టంలో ఆ వేడిని చల్లార్చడానికి నీళ్లు చేరవు. నేను పాత ఫైర్ హోస్ ముక్క, గుడ్డ రకం, తొడిగి రెండు చివరలా సన్నతాడుతో కట్టేస్తాను. వెళ్లినప్పుడల్లా దాన్ని పక్కకి జరిపి తాడు మీద వేళ్లు పోనిస్తాను. నూగు తగిలితే ఆ తాడు మార్చేయడమే.

నీళ్ల కింద గొలుసు ఎక్కువగా అరిగేది అడుగుని తాకుతూ లేస్తూ ఉండే చోట. అక్టోబరులో ఈశాన్య రుతుపవనాలు రాకముందే డైవర్‌ని దింపండి. ‘బాగానే ఉంది సార్’ అంటే ఒప్పుకోవద్దు. ఆ లింకు మందం కొలిచి ఫొటో తెమ్మనండి.

పోర్టులో మూడో నంబరు హెచ్చరిక (ఈదురుగాలుల సూచన) ఎగరేశారంటే నేను చుక్కాని మధ్యకి కట్టేసి, సీకాక్‌లు (పడవ అడుగు కన్నాలకుండే కవాటాలు) మూసి, అడుగున చేరిన నీళ్లు తోడే బిల్జ్ పంపు బ్యాటరీ చూస్తాను. తెరచాపలు చుట్టి వదిలేయను, పూర్తిగా విప్పి ఇంటికి తెస్తాను. గాలి వేగం రెండింతలైతే దాని తోపు నాలుగింతలు, చుట్టిన చాప కొస విడిపోతే ఏ తాడూ ఆగదు. 2016 డిసెంబరు 12న వర్దా తుఫాను ఊరిని ఎలా ఊడ్చిందో ఇక్కడున్నవాళ్లకి చెప్పక్కర్లేదు. తుఫాను సూటిగా వస్తోందంటే పడవలో ఎవరూ ఉండకూడదు. బావగారు ఫోన్ చేసి ‘నువ్వు అక్కడే ఉండి చూసుకో’ అన్నా సరే.