పాత రెజ్లర్లు ఇవాళ్టి రింగులో: 4వ పాఠం

పోయిన వారం ప్రశ్నకు వచ్చిన జవాబుల్లో ఎక్కువ ఒకే చోట దెబ్బతిన్నాయి. '1970, 80ల నాటి భారీ రెజ్లర్ ఆండ్రీ ది జెయింట్ ఇవాళ ఉంటే?' అని అడిగితే, కావలి నుంచి కందుకూరు దాకా అందరూ ఏడడుగుల నాలుగంగుళాలు, 520 పౌన్లు అని రాసి, ఇవాళ్టి స్టార్ రోమన్ రెయిన్స్ పక్కన నిలబెట్టి, ఆండ్రీయే గెలుస్తాడని తేల్చేశారు. అందుకే మైకు పట్టి మాట్లాడడం గురించిన పాఠం వచ్చే వారానికి వాయిదా వేశాను.

చిన్నప్పుడు ఆడిన డబ్ల్యూడబ్ల్యూఎఫ్ (ఇప్పటి డబ్ల్యూడబ్ల్యూఈ) రెజ్లర్ల కార్డుల అలవాటు ఇది. ఎత్తు ఎక్కువున్న కార్డు ఎదుటివాడి కార్డును లాగేసుకుంటుంది. కానీ రెజ్లింగులో గెలుపు ముందే రాసి ఉంటుంది. ఆ ఎత్తూ బరువూ కూడా మైకులో గొప్పగా చెప్పడానికి పెంచినవే. ఒంగోలు వైపు బండలాగుడు చూసినవాళ్లకు ఈ సంగతి సులువుగా అర్థమవుతుంది. ఎడ్ల పళ్లను బట్టి విభాగం, విభాగాన్ని బట్టి బండ, ఇచ్చిన టైములో ఎంత దూరం లాగాయన్నదే లెక్క. రెజ్లర్‌కి కూడా అతని కాలం ఏ బండ కట్టిందో ముందు చూడాలి.

ఆండ్రీని ఏ ఊళ్లోనూ ఎక్కువ రోజులు ఉంచేవాళ్లు కాదు. జనానికి తనివి తీరకముందే ఇంకో ఊరికి పంపేసేవాళ్లు. 1993 నుంచి 'రా' అనే డబ్ల్యూడబ్ల్యూఈ షో వారం వారం వస్తోంది, ఇప్పుడు ఫోన్లో క్లిప్పులు సరేసరి. ప్రతి సోమవారం కనిపిస్తే ఆండ్రీ కూడా పాతబడిపోతాడు. ఎప్పుడో ఒకసారి మాత్రమే కనిపించే బ్రాక్ లెస్నర్‌ లాగా అప్పుడప్పుడూ దించితే ఇవాళైనా స్టేడియం నిండుతుంది.

డబ్ల్యూడబ్ల్యూఎఫ్ ఏటా పెట్టే పెద్ద షో రెజిల్‌మేనియాలో మూడోది, 1987 నాటిది, మళ్లీ చూడండి. వెన్ను ఆపరేషనై, డ్రెస్సు లోపల వెన్నుకు ఆసరా బెల్టు కట్టుకున్న ఆండ్రీ పెద్దగా కదల్లేదు. మొదట్లోనే ప్రత్యర్థి హల్క్ హోగన్ అతన్ని ఎత్తబోయి కింద పడ్డాడు. ఆ తర్వాత చాలాసేపు ఆండ్రీ హోగన్ నడుం పట్టి బిగించాడు. చివర్లో హోగన్ ఎత్తి పడేసేసరికి హోరు లేచింది. ఆ ఎదురుచూపును పుట్టించింది ఆండ్రీయే.

అదే రాత్రి రాండీ సావేజ్, రికీ స్టీమ్‌బోట్ ప్రతి పట్టూ ముందే అనుకుని ఆడారు. ఇవాళ చాలామంది పద్ధతి అదే, కాబట్టి సావేజ్‌కి ఇబ్బందే లేదు. నాకైతే ఆండ్రీ కన్నా సావేజే ఇష్టం.

అభ్యాసం: బ్రూనో సమ్మార్టినో 1963 నుంచి 1971 దాకా ఒకే విడతలో టైటిల్ నిలుపుకున్నాడు. రెయిన్స్ యూనివర్సల్ టైటిల్‌ని 1,316 రోజులు నిలుపుకున్నాడు. సమ్మార్టినోని అంతకాలం ఇవాళ్టి జనం భరిస్తారా? రెండు పేజీలు రాయండి. అంతకుముందు హోగన్, ఆండ్రీ ఆటను ఒకసారి సౌండు ఆపి, ఒకసారి పెట్టి చూసి, జనం ఏ నిమిషంలో లేచారో రాసుకోండి. దారాసింగ్ మీద రాస్తామనేవాళ్లు 1968లో బొంబాయిలో అమెరికా రెజ్లర్ లూ థెజ్‌ని ఓడించిన ఆటతో మొదలుపెట్టవచ్చు. ఎవరి మీద రాసినా ఎత్తు, బరువు అంకెలు ఉన్న జవాబు దిద్దకుండా తిప్పి పంపుతాను.