ముస్లిం ఇంటి పిల్లలకు పఠనం, విశ్వాసం, సేవ అలవాటు చేయడం ఎలా?

మన తెలుగు ప్రాంతాల్లో ముస్లిం పిల్లలు చాలామంది ఇంట్లో ఉర్దూ, నూర్‌బాషా (దూదేకుల) కుటుంబాల్లోనైతే ఎక్కువగా తెలుగు మాట్లాడతారు, బడిలో తెలుగులోనో ఇంగ్లీషులోనో చదువుకుంటారు, సాయంత్రం మసీదుకు వెళ్లి అరబ్బీ అక్షరాలు కూడబలుక్కుంటారు. ఇన్ని లిపులు వచ్చినా వారికి చదవడం మీద ఇష్టం కలగడం లేదంటే, పలుకుతున్నదాని భావం ఎవరూ విప్పి చెప్పకపోవడమే ప్రధాన కారణమని నా అభిప్రాయం. అందువల్ల పఠనాన్ని, విశ్వాసాన్ని, సేవను మూడు పాఠాలుగా విడదీయకుండా ఒకే అలవాటుగా నేర్పాలి.

మగ్రిబ్ (సూర్యాస్తమయ వేళ) నమాజు తర్వాత పది నిమిషాలు ఇందుకు కేటాయించండి. ఖురాన్ ముప్పయ్యవ పారా (భాగం)లోని చిన్న సూరాల్లో (అధ్యాయాల్లో) ఒకదాన్ని బిడ్డ చేత అరబ్బీలో చదివించి, ఆ వెంటనే బిడ్డకు బాగా వచ్చిన భాషలో దాని తాత్పర్యం చదివించండి. మొదట 107వ సూరా మాఊన్‌ను ఎంచుకోవడం మంచిది. ఉన్నవి ఏడే ఆయతులు (వాక్యాలు). అనాథను తోసివేసేవాడిని, పేదకు అన్నం పెట్టమని ప్రోత్సహించనివాడిని, నమాజు పట్ల ఏమరుపాటుగా ఉంటూ నలుగురూ చూడాలని ఆచరించేవారిని, చిన్నపాటి వాడుక వస్తువులు సైతం ఇవ్వనివారిని ఆ సూరా ఒకే వరుసలో మందలిస్తుంది. చదివాక, ఈ వారం మనం ఎవరికి ఏ సాయం చేయగలమని అడిగి, జవాబు బిడ్డనే ఆలోచించి చెప్పనివ్వండి. పక్కింటివారు నిచ్చెనో పెద్ద గిన్నెనో అడిగితే బిడ్డతోనే పంపించండి. వస్తువు ఇంట్లో ఉండగానే "లేదని చెప్పు" అని బిడ్డకు నేర్పిన ఇంట్లో ఆ సూరాను ఎన్నిసార్లు వల్లె వేయించినా ప్రయోజనం ఉండదు.

కథల పుస్తకాలు చదివితే ధార్మిక చదువు దెబ్బతింటుందని కొందరు పెద్దలు భయపడతారు. దైవప్రవక్త ముహమ్మద్ (స: ఆయనపై శాంతి కలుగుగాక)కు హిరా గుహలో అందిన తొలి ఆదేశమే "చదువు" అన్నది కాబట్టి, ఆ భయం అక్కర్లేదు. పిల్లలను దగ్గరలోని శాఖా గ్రంథాలయానికి తీసుకువెళ్లి, పుస్తకాన్ని వారినే ఎంచుకోనివ్వండి. హైదరాబాదులో ఉన్నవారు అఫ్జల్‌గంజ్‌లోని రాష్ట్ర కేంద్ర గ్రంథాలయాన్ని చూపించవచ్చు; 1891లో ఆసఫియా గ్రంథాలయంగా మొదలైన ఈ గ్రంథాలయంలో తెలుగు, ఉర్దూ, అరబ్బీ, పారశీక గ్రంథాలు ఒకేచోట ఉన్నాయి. పిఠాపురానికి చెందిన ఉమర్ ఆలీషా తెలుగులో పద్యాలు రాసి, పారశీక కవి ఉమర్ ఖయ్యాం రుబాయీలను (నాలుగు పాదాల పద్యాలను) తెనిగించారని చెబితే తెలుగు సాహిత్యం తమది కూడానన్న నమ్మకం పిల్లలకు కలుగుతుంది.

నమాజు విషయంలో తొందర పనికిరాదు. ఏడేళ్లకు నమాజు చేయమని చెప్పాలన్న హదీసును (ప్రవక్త ప్రవచనాన్ని) ఉటంకించేవారు, పదేళ్ల వయసులో దండించడం గురించిన మాటనే ఎక్కువగా గుర్తుపెట్టుకుంటారు. ఆ రెంటి మధ్య మూడేళ్ల వ్యవధి ఉంది. రోజుకు ఐదుసార్లు ప్రేమగా పిలిచి పక్కన నిలబెట్టుకోవడానికి అది చాలినంత కాలం. పదేళ్లు సేవ చేసినా ప్రవక్త (స) తనను ఒక్కసారి కూడా "ఉఫ్" అని విసుక్కోలేదని అనస్ (రజి: అల్లాహ్ ఆయన పట్ల ప్రసన్నుడగుగాక) చెప్పిన మాటను తల్లిదండ్రులు ముందుగా గుర్తుచేసుకోవాలి. ఉపవాసం యుక్తవయసు వచ్చేదాకా విధి కాదు కనుక, ఎండాకాలంలో రంజాన్ వస్తే పసివారిని పట్టుబట్టి ఉంచవద్దు.

జకాత్ (విధిగా ఇవ్వాల్సిన దానం) లెక్కను పిల్లల ముందే వేయండి. నిర్ణీత పరిమితికి మించి ఏడాదిపాటు నిలిచిన సొమ్ములో నలభయ్యో వంతు, అంటే లక్షకు 2,500 రూపాయలు, ఇవ్వాలి; ఆ గుణకారం పెద్దపిల్లల చేత చేయిస్తే ఇంటి సంపదలో పేదలకు హక్కుందని వారికి తెలుస్తుంది. ఫిత్రాను (రంజాన్ ముగింపులో పేదలకిచ్చే దానాన్ని) ఈద్ నమాజుకు ముందే అందజేయాలి. అప్పుడు పిల్లలను వెంట తీసుకువెళ్లండి, కానీ తీసుకునేవారి ఫొటో తీయకండి. ఇచ్చేటప్పుడు మన మతస్థులనే చూడటం కూడా సరికాదు. సహాబీ (ప్రవక్త సహచరుడు) అబ్దుల్లాహ్ బిన్ అమ్ర్ (రజి) ఇంట్లో మేకను కోసినప్పుడు, పొరుగున ఉన్న యూదునికి పంపారా అని ఆయన పదేపదే అడిగారు. బక్రీదునాడు మన పొరుగువారు మాంసం తిననివారైతే పండ్లో సేమ్యా పాయసమో పంపవచ్చు. ఏ ఇంటికి ఏది పంపాలో నిర్ణయించే పనిని పిల్లలకే అప్పగించండి.