పాట మధ్యలో పేజీ తిప్పడం: కీబోర్డు, హార్మోనియం వాళ్లకి

పేజీ తిప్పడం స్టేజి మీద చేసే పనే కానీ, సగం పైన ఇంటి దగ్గరే అయిపోవాలి. కాగితం సరిగా తయారు చేసుకోకుండా వెళ్తే, పాలకొల్లులో పెళ్లి రిసెప్షనైనా, నరసాపురంలో క్రిస్మస్ పాటలైనా, కార్తీకమాసం భజనైనా, వేళ్లు ఎంత చురుగ్గా ఉన్నా లాభం లేదండీ.

మన పాటల్లో అసలు చిక్కు ముందుకు తిప్పడం కాదు, వెనక్కి తిప్పడం. ప్రతి చరణం తర్వాత పల్లవికి రావాలి, ఆ పల్లవేమో మొదటి పేజీలో ఉంటుంది, అది వాయించేలోపే మళ్లీ మూడో చరణం ఎక్కడుందో వెతుక్కోవాలి. అందుకని ప్రతి చరణం కిందా పల్లవి కార్డ్స్ (పాటకి తోడుగా ఒకేసారి కలిపి నొక్కే స్వరాలు) మళ్లీ రాసుకోండి. కాగితాలు ఎక్కువవుతాయి, అవనివ్వండి. ఇంకో సంగతి, బీజీఎం (పల్లవికీ చరణానికీ మధ్య వచ్చే వాద్యాల సంగీతం) నొటేషన్‌ని కొత్త పేజీలో మొదలెట్టకండి. కీబోర్డు వాళ్లకి రెండు చేతులూ పూర్తిగా బిజీగా ఉండేది అక్కడే కదా. పల్లవి అయ్యాక అదే పేజీ అడుగున బీజీఎం కూడా రాసేసి, చరణంతో కొత్త పేజీ మొదలుపెట్టండి. చరణం ఎత్తుకునేటప్పుడు అందరి చూపూ పాడేవాళ్ల మీద ఉంటుంది, మీరు ఒక కార్డ్ పట్టుకుని ఉంటే చాలు. సస్టెయిన్ పెడల్ ఉంటే తొక్కి పట్టండి, కార్డ్ మోగుతూ ఉండగానే తీరిగ్గా తిప్పుకోవచ్చు.

అసలు తిప్పకుండా గడిస్తే ఇంకా మంచిది. ఏ4 కాగితం వెడల్పు 21 సెంటీమీటర్లు, మూడు పక్కపక్కన పెడితే 63. మామూలు 61 కీల కీబోర్డు దాని కన్నా పొడుగే. కీబోర్డుతో వచ్చే స్టాండు మాత్రం మూడు కాగితాలకి చాలదు, వెనక ఒక గట్టి అట్ట పెట్టి, మూడిటినీ దానికి క్లిప్పులతో బిగించేయండి. గోదావరి గట్టు మీద ప్రోగ్రాం అయితే ఇదొక్కటే దారి అని నా అభిప్రాయం, ఎందుకంటే ఆ గాలికి విడి కాగితాలు నిలవవు, క్లిప్పు పెడితే పేజీ తిరగదు. పెడస్టల్ ఫ్యాను ఉంటే మీ వెనక నుంచి కాకుండా పక్కకి తిప్పించండి.

తిప్పక తప్పని పుస్తకమైతే స్పైరల్ బైండింగ్ చేయించండి, మూసుకుపోకుండా బల్లపరుపుగా ఉంటుంది. వానాకాలంలో మన వైపు కాగితం మెత్తబడి ఒకదానికొకటి అతుక్కుంటుంది, తడి వేలితో తిప్పితే రెండేసి పేజీలు వచ్చేస్తాయి. కొంచెం మందం కాగితం వాడి, ప్రతి పేజీ కింది మూల పైకి మడిచి పెట్టుకోండి. లామినేషన్ జోలికి మాత్రం వెళ్లకండి, ఫోకస్ లైటు పడితే అక్షరమే కనపడదు.

హార్మోనియం వాళ్ల సంగతి వేరు. కుడి చెయ్యి మెట్ల మీద, ఎడమ చెయ్యి తిత్తి మీద. కానీ తిత్తి రెండుసార్లు నిండుగా కొడితే లోపల గాలి కాసేపు నిలుస్తుంది, స్వరం పట్టుకుని ఉండగా ఆ సందులో ఎడమ చెయ్యి పేజీ మీదకి వెళ్లి రావాలి. ఇది ప్రాక్టీసు చేస్తేనే వస్తుంది. పౌరాణిక నాటకాల్లో అయితే పేజీకి ఒకే పద్యం రాసుకోండి, పద్యం అవగానే మాత్రం తిప్పొద్దు. జనం వన్స్ మోర్ అన్నారంటే మళ్లీ అదే పద్యం, అదే శ్రుతి. తర్వాతి సంభాషణ మొదలయ్యాకే తిప్పండి.

పక్కన మనిషిని కూర్చోబెట్టుకునే పద్ధతి పియానో కచేరీల్లో మామూలే. ఆ మనిషి ఎడమ పక్కన, కొంచెం వెనగ్గా కూర్చుంటాడు, టైమ్ రాగానే లేచి ఎడమ చేత్తో పేజీ పై మూల పట్టుకుని తిప్పి మళ్లీ కూర్చుంటాడు. మీ ట్రూపులో కోరస్ పాడే తమ్ముడెవరైనా ఈ పని చేయొచ్చు. అయితే మీరు తల ఊపినప్పుడే తిప్పాలి, పాట తనకి వచ్చు కదా అని తనంతట తాను తిప్పకూడదు. ఇది ముందే గట్టిగా చెప్పి, ఒక్కసారైనా రిహార్సల్ చేయించండి. వెస్టర్న్ ఆర్కెస్ట్రాలో ఇద్దరు వయొలిన్ వాళ్లకి ఒకే స్టాండు ఉంటుంది, లోపలి పక్క కూర్చున్నవాళ్లు వాయించడం ఆపి తిప్పితే, రెండోవాళ్లు ఆపకుండా వాయిస్తారు. మన దగ్గర ఇద్దరు కీబోర్డు వాళ్లుంటే అదే సూత్రం పెట్టుకోవచ్చు.

ఇప్పుడు చాలామంది ట్యాబ్‌కి మారారు. నొటేషన్ చూపించే యాప్‌లలో ఆండ్రాయిడ్‌లో మొబైల్‌షీట్స్, ఐప్యాడ్‌లో ఫోర్‌స్కోర్ బాగుంటాయి. కింద బ్లూటూత్ పెడల్ పెట్టుకుంటే కాలితో తొక్కి పేజీ మార్చొచ్చు. సస్టెయిన్ కుడి కాలికి, పేజీ పెడల్ ఎడమ కాలికి, రెండూ దూరందూరంగా పెట్టి కిందకి టేపు వేయండి. గుడి దగ్గర స్టేజి అంటే చెప్పులు విప్పాలి కాబట్టి ఉత్తి కాళ్లతోనే ప్రాక్టీసు చేయండి, తొక్కుడు తేడా తెలుస్తుంది. ఎయిర్‌ప్లేన్ మోడ్ పెట్టి బ్లూటూత్ మళ్లీ ఆన్ చేయాలి, స్క్రీన్ దానంతట అది ఆరిపోకుండా సెట్టింగ్ మార్చాలి, లేకపోతే సరిగ్గా చరణం మధ్యలోనే ఆరుతుంది. పొలాల పక్క ఊళ్లలో వరి పంట మీద ఉన్నప్పుడు రాత్రిపూట దీపపు పురుగులు స్క్రీన్ నిండా వాలతాయి, బ్రైట్‌నెస్ బాగా తగ్గించుకోండి. చెమట చుక్క పడితే టచ్ పిచ్చిగా పనిచేస్తుంది, తువ్వాలు దగ్గరుంచుకోండి. కింద బాసింపట్టు వేసుకుని వాయించేవాళ్లకి పెడల్ కుదరదు, వాళ్లకి కాగితమే మేలు.

చూసి వాయించడం నామోషీ అనేవాళ్లు కొందరుంటారు, పట్టించుకోకండి. స్వియతోస్లావ్ రిక్టర్ అంత పియానిస్టు చివరి ఏళ్లలో హాలంతా చీకటి చేయించి, ఒక్క దీపం పెట్టుకుని పుస్తకం చూసే వాయించాడు.

ఇన్ని చేసినా ఎప్పుడో ఒకసారి తప్పు పేజీ వస్తుంది. అప్పుడు వెతకడం మొదలెట్టకండి, కుడి చెయ్యి తీసేసి ఎడమ చేత్తో బాస్ (కింది స్వరం) ఒక్కటీ పట్టుకోండి, పాడేవాళ్ల నోటి వంక చూస్తూ పల్లవి దాకా లాగించండి. పల్లవి కార్డ్స్ ఎలాగూ కంఠతా వచ్చుంటాయి, సరైన పేజీ అక్కడ తీసుకోవచ్చు.