పాత కంప్యూటర్ డిస్కును పూర్తిగా తుడిచివేయడం ఎలా?

సెకండ్ హ్యాండ్ కంప్యూటర్ చేతికి రాగానే చాలామంది క్విక్ ఫార్మాట్ కొట్టి పని అయిపోయిందనుకుంటారు. క్విక్ ఫార్మాట్ చెరిపేది విషయసూచికను మాత్రమే, లోపలి పుటలు చెక్కుచెదరవు. అలా ఫార్మాట్ చేసిన డిస్కు మీద రికవరీ సాఫ్ట్‌వేర్ నడిపినప్పుడు, ముందటి యజమాని బ్యాంకు స్టేట్‌మెంట్లు ఫైలు పేర్లతో సహా బయటపడటం నేను చూశాను.

లైవ్ లైనక్స్ (డిస్కుతో పనిలేకుండా పెన్ డ్రైవ్ నుంచే నడిచే ఆపరేటింగ్ సిస్టం) ఎక్కించిన 8 జీబీ పెన్ డ్రైవ్ ఒకటి చాలు. ల్యాప్‌టాప్ అయితే ఛార్జర్ పెట్టి, పెన్ డ్రైవ్ నుంచి బూట్ చేయండి.

అసలు చిక్కు డిస్కును గుర్తించడంలో ఉంది. లైనక్స్ డిస్కులకు ఎస్‌డీఏ, ఎస్‌డీబీ వంటి పేర్లు పెడుతుంది. ఒకే డిస్కు ఒక బూట్‌లో ఎస్‌డీఏగా, మరో బూట్‌లో ఎస్‌డీబీగా కనబడవచ్చు కనుక ఆ పేరును నమ్మి ఎంటర్ నొక్కరాదు. మోడల్, పరిమాణం, సీరియల్ నంబరు మూడూ చూసి, వీలైతే డిస్కు మీది స్టిక్కరుతో అంకె అంకె సరిచూడాలి. తుడవవలసినది తప్ప మిగిలిన డిస్కులన్నిటి కేబుళ్లూ ముందే ఊడదీయాలి, ఇందులో మినహాయింపు లేదు. ఒకసారి ఈ నియమం తప్పి, పక్కనే తగిలించి ఉన్న నా బ్యాకప్ డిస్కును తుడవడం మొదలుపెట్టాను. రెండు శాతం దగ్గర ఆపినా, డిస్కు మొదట్లో ఉండే పార్టిషన్ పట్టిక (డిస్కులో ఏ భాగం ఎక్కడుందో చెప్పే జాబితా) అప్పటికే సున్నాలైపోయింది.

తిరిగే పళ్లేలున్న హార్డ్ డిస్కును ఎన్‌వైప్ అనే తుడిచే ప్రోగ్రాంతో ఒక్కసారి సున్నాలతో నింపితే సరిపోతుంది. ఒక టీబీ డిస్కుకు కొన్ని గంటలు పడుతుంది. 35 సార్లు రాయాలనేవారు ఆ 35 సార్ల వరుసను ప్రతిపాదించిన కంప్యూటర్ శాస్త్రవేత్త పీటర్ గట్‌మన్ 1996 నాటి పత్రాన్ని సగమే చదివినట్టు లెక్క. ఆ వరుస అప్పటి రకరకాల డిస్కులన్నిటికీ కలిపి కూర్చినదని, ఏ ఒక్క డిస్కుకూ మొత్తం అవసరం లేదని ఆయనే తరువాత వివరించారు.

పళ్లేలు లేకుండా చిప్‌లలో సమాచారం దాచే ఎస్‌ఎస్‌డీకి ఈ పద్ధతి పనికిరాదు. మనం ఒకచోట రాయమంటే డిస్కును లోపలి నుంచి నడిపే కంట్రోలర్ చిప్ వేరొకచోట రాస్తుంది, పాత సమాచారం మనకు కనబడని అదనపు బ్లాకుల్లో మిగిలిపోవచ్చు. అందుచేత డిస్కు తనలో ఉంచుకున్న సెక్యూర్ ఎరేజ్ ఆజ్ఞనే ఇవ్వాలి. బయాస్‌లో (కంప్యూటర్ ఆన్ కాగానే తెరవగలిగే సెట్టింగుల్లో) ఆ వీలుంటే నేను దానినే వాడతాను. లేనప్పుడు లైనక్స్ ప్రోగ్రాములు వాడాలి: సాటా డిస్కుకు హెచ్‌డీపార్మ్, ఎన్‌వీఎంఈ డిస్కుకు ఎన్‌వీఎంఈ‑సీఎల్‌ఐ (సాటా, ఎన్‌వీఎంఈ అనేవి డిస్కును కంప్యూటర్‌కు కలిపే రెండు విధానాలు). డిస్కు "ఫ్రోజెన్" (ఎరేజ్ ఆజ్ఞను తీసుకోని స్థితి) అని చూపితే కంప్యూటర్‌ను ఒకసారి స్లీప్‌లో పెట్టి లేపితే చాలాసార్లు విడిపోతుంది. హెచ్‌డీపార్మ్‌తో చేసేటప్పుడు పెట్టే తాత్కాలిక పాస్‌వర్డును కాగితం మీద రాసుకోండి, మధ్యలో కరెంటు పోతే డిస్కు ఆ పాస్‌వర్డుతోనే తాళం పడి ఉంటుంది.

చివరగా, హార్డ్ డిస్కులో అక్కడక్కడా కొన్ని సెక్టార్లను, లోపలి సమాచారాన్ని అంకెలుగా చూపే హెక్స్‌డంప్ ప్రోగ్రాంతో తెరిచి, సున్నాలు తప్ప మరేమీ లేవని చూసుకున్న తరువాతే కొత్త ఆపరేటింగ్ సిస్టం ఎక్కించండి.